ముందు వరసలో కుర్చీ

ఈ ఉద్యోగంలో నేను ఎక్కువగా మోసింది కెమెరా అని అందరూ అనుకుంటారు. కాదు, కుర్చీలు. ఇనప కుర్చీలు, పేము కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒకసారి పెంటపాడులో ఒక రైతుగారి పడక్కుర్చీ. అందులో ఆయన పడుకుని ఉండగానే ఇద్దరు విద్యార్థులతో కలిసి ఎండలోంచి నీడలోకి మోశాను. ఆయన లేవలేదు. ఫోటో బాగా వచ్చింది.

ఏలూరులో ఒక కాలేజీలో ఇరవై రెండేళ్ళు ఫోటోగ్రఫీ చెప్పి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏ కెమెరా కొనమంటారండీ అని అడుగుతుంటారు. ఏదైనా కొనుక్కోండి, ముందు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో నేర్చుకోండి అంటాను. వాళ్ళు తలూపి, మాస్టారికి వయసు మీదపడిందని మనసులో అనుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒకటే, అదీ పొరపాటున.

నేను చెప్పిన సబ్జెక్టు పేరు సిలబస్‌లో చాంతాడంత ఉంటుంది కానీ విషయం చిన్నది. జరుగుతున్నదాన్ని ఫోటో తియ్యడం ఒక పని. జరగనిదాన్ని జరుగుతున్నట్టు ఏర్పాటు చేసి, మనుషుల్ని నిలబెట్టి, సామాన్లు సర్ది, కథ చెప్పేలా ఫోటో తియ్యడం ఇంకో పని. నేను ఈ రెండోది చెప్పేవాణ్ణి. మా ఆవిడ దీన్ని అబద్ధాల క్లాసు అనేది.

గురువుగారి చాదస్తం

నాకు పని నేర్పింది కృష్ణమూర్తిగారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఆయన స్టూడియో ఉండేది. ఆయన ఏ పెళ్ళింటికి వెళ్ళినా కెమెరా పెట్టె తెరవకుండా ఒక పెద్దావిడ పక్కన చేరి, "ఏవండీ, ఆ నీలం చీర కట్టుకున్నావిడ పెళ్ళికొడుక్కి ఏమవుతారండీ?" అని మొదలుపెట్టేవారు. అరగంట పట్టేది, ఒక్కోసారి గంట. అంతసేపూ నేను లైటు స్టాండ్లు పట్టుకుని కాళ్ళు పీకేలా నిలబడేవాణ్ణి.

"ఎవరు ఎవరికి ఏమవుతారో కనుక్కో, తర్వాత లైటు చూసుకో. లైటు రేపూ వస్తుంది. అలిగి వెళ్ళిపోయిన మనిషి రాడు" అనేవారు.

ఇది చాదస్తమని నా గట్టి అభిప్రాయం. నేను పుస్తకాలు చదివినవాణ్ణి. త్రికోణం, బరువు, సమతూకం అంటూ ఫోటోలో అమరిక గురించి నాకొచ్చిన మాటలేవీ ఆయనకి రావు. తర్వాత కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మాస్టారు అనిపించుకున్నాక నా పొగరు ఇంకాస్త పెరిగింది. అయినా పెళ్ళిళ్ళ సీజన్లో గురువుగారికి సాయంగా వెళ్ళేవాణ్ణి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక కొన్ని పెళ్ళిళ్ళకి నేనొక్కణ్ణే వెళ్ళాను. అలా వెళ్ళిన ఒక పెళ్ళిలో ఒక తప్పు చేశాను. చేశానని నాకే పదహారేళ్ళ దాకా తెలియదు కాబట్టి, తెలిసిన చోటే రాస్తాను.

ఆకలి ఫోటో తియ్యబోతే

మొదట్లో నేను పిల్లలకి భావాలు ఇచ్చేవాణ్ణి. ఒకరికి ఆకలి, ఒకరికి ఒంటరితనం, ఒకరికి అవమానం. శుద్ధ తెలివితక్కువ పని. ఒక బ్యాచికి ఆకలి వచ్చింది. వాళ్ళ కథ ఏమిటంటే, ఎండన పడి వచ్చిన ముసలాయన గుమ్మంలో నిలబడి అన్నం అడుగుతాడు, ఇంటావిడ మొహం తిప్పుకుని తలుపు వేస్తుంది. ముసలాయనగా మా కాలేజీ వాచ్‌మన్ అప్పారావు. ఇల్లు గుండుగొలనులో సీతమ్మగారిది, పాతకాలపు పెంకుటిల్లు, వీధి అరుగూ స్తంభాలూ ఉన్నది. ఇంటావిడగా సీతమ్మగారే నిలబడతానన్నారు.

అప్పారావు చిరిగిన చొక్కాతో గుమ్మంలో నిలబడి, "అమ్మా, కాస్త అన్నం పెట్టండమ్మా" అన్నాడు.

"అయ్యో, ఎండన పడి వచ్చారు. కాళ్ళు కడుక్కుని లోపలికి రండి" అన్నారు సీతమ్మగారు.

"అమ్మగారూ, మీరు పొమ్మనాలండి" అన్నాను.

"ఎలా పొమ్మంటానండీ? మా ఇంట్లో ఆ మాట అలవాటు లేదండి."

"ఇది నటనేనండి."

"మీకు నటనండి. పక్కింటివాళ్ళకి తెలియదు కదండీ, గుమ్మంలోకొచ్చిన మనిషిని పొమ్మందని చెప్పుకోరాండీ?"

రెండోసారి ఆవిడ మొహం తిప్పుకున్నారు, కానీ వంటింట్లో పులుసు కాగిందో లేదో చూడ్డానికి. మూడోసారికి విస్తరి వేసేశారు. అప్పారావు మొహమాటస్తుడు. పప్పూ, చేపల పులుసూ, గడ్డపెరుగూ అయ్యేదాకా లేవలేదు. నాలుగోసారికి మా ఆకలిగొన్న ముసలాయన స్తంభానికి ఆనుకుని గుర్రుపెట్టాడు. దొరికిన ఫోటో అదొక్కటే.

మా ప్రిన్సిపాల్‌గారికి ప్రతి ఫోటోలోనూ సందేశం ఉండాలి. మంచి మనిషే కానీ, ఖాళీ గోడ ఫోటో చూపించినా ఇందులో సందేశం ఏమిటండీ అని అడిగేవారు. ఆయన ఆ ఫోటో కింద 'అన్నదానం' అని పెద్దక్షరాలతో రాయించి వరండాలో పెట్టించారు. నేను సీతమ్మగారి మీద కోపం తెచ్చుకుని, అది పిల్లల మీద చూపించాను. తప్పు నాదేనని ఒప్పుకోడానికి చాలా రోజులు పట్టింది. మనిషిని భావం అడగకూడదు, పని అడగాలి. చెయ్యి తలుపు మీద పెట్టండి, చెంబు కింద పెట్టండి, అటు చూడండి. ఆ పని కూడా ఆ మనిషికి చేతనయ్యేదై ఉండాలి. ఇది రాసుకోండి, పరీక్షలో అడగరు కానీ పనికొస్తుంది.

నాగవేణి తెచ్చిన ప్రింటు

నేను రిటైరవబోయే సంవత్సరం ఆఖరి బ్యాచిలో నాగవేణి అనే అమ్మాయి ఉండేది. తాడేపల్లిగూడెం. వాళ్ళ నాన్న వెంకటరత్నంగారు ఉల్లిపాయల వ్యాపారి. ఫైనల్ ప్రాజెక్టుకి ఆరు ఫోటోల్లో ఒక కథ చెప్పాలి, అన్నీ ఏర్పాటు చేసి తీసినవే అయ్యుండాలి. నాగవేణి ఒక పాత గ్రూపు ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మా బాబాయి పెళ్ళిదండి. ఈ ఫోటో వల్ల మా నాన్నా, అత్తయ్యా పదహారేళ్ళుగా మాట్లాడుకోవట్లేదండి. నా కథ ఇదేనండి."

వెనక వరసలో ఒక పొడుగాటి మనిషిని చూపించింది. "మా మావయ్యండి, సూర్యారావుగారు. అత్తయ్య భర్త. ముదినేపల్లి వైపు చేపల చెరువులండి. ఇంటల్లుణ్ణి వెనక నిలబెట్టి, ఇదుగోండి, మా కొట్టు గుమాస్తాని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారండి."

"ఎవరు కూర్చోబెట్టారు?" అన్నాను.

"మా నాన్నే కావాలని చేయించారని మావయ్య అనుకుంటారండి. నాన్నేమో, మావయ్య ఎందుకలిగారో తనకసలు తెలీదంటారు. అడిగితే చిన్నతనమని అడగలేదట."

ప్రింటు తిప్పి చూడాల్సిన పని లేదు. అయినా తిప్పాను. వెనక కృష్ణమూర్తిగారి స్టూడియో ముద్ర ఉంది. ఆ ఫోటో తీసింది నేను.

అంతా గుర్తొచ్చింది. ముందు వరసలో పొడుగు మనిషి కూర్చుంటే నా త్రికోణం చెడుతోంది. "ఏవండీ, మీరు పొడుగండి, కాస్త వెనక్కి వెళతారాండీ?" అన్నాను. "దానిదేముందండి" అని ఆయన లేచి వెళ్ళారు. గుమాస్తాగారి తెల్లమీసం, తెల్ల పంచె ఎడమవైపు బరువుకి అతికినట్టు సరిపోయాయి. నవ్వండి అన్నాను. వెనక వరసలోంచి సూర్యారావుగారు కూడా నవ్వారు. అంతటితో ఊరుకున్నానా? ఆ ఫోటోని కొన్నేళ్ళపాటు క్లాసులో సమతూకానికి ఉదాహరణగా చూపించాను. కంప్యూటర్లొచ్చి పాత ప్రింట్లన్నీ మూలపడ్డాయి కానీ, లేకపోతే నాగవేణి తన మావయ్యగారి అవమానాన్ని నా పాఠంలోనే చూసి ఉండేది.

మా వైపు కోపం సంగతి బయటివాళ్ళకి చెప్పాలి. మాకు మామూలు కోపం వస్తే గొంతు లేస్తుంది. నిజమైన కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. సూర్యారావుగారు ఆ రోజు భోజనం చేశారు, తాంబూలం తీసుకున్నారు, ప్రతి ఒక్కరికీ వస్తామండీ అని చెప్పి వెళ్ళారు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"మాఘమాసంలో మా అన్నయ్య పెళ్ళండి" అంది నాగవేణి. "అత్తయ్య లేకుండా ఆడపడుచు చెయ్యాల్సినవన్నీ ఎవరు చేస్తారండి? మా అమ్మ రోజూ ఏడుస్తోంది. నాన్న శుభలేఖ వాట్సాప్‌లో పంపిస్తానంటున్నారు. బొట్టు పెట్టి పిలవకపోతే అత్తయ్య చచ్చినా రాదండి. అందుకే ఫోటోలో వేషాలు వెయ్యాలని నాన్ననీ, మావయ్యనీ విడివిడిగా పిలిచానండి. ఒకరొస్తున్నట్టు ఇంకొకరికి తెలీదు. కాదంటే నా డిప్లొమా పోతుందని కూడా చెప్పానండి."

ఆ క్షణంలో నేను ఒప్పుకోవాల్సింది. "కథ బాగుందమ్మా, లైటింగ్ జాగ్రత్త" అన్నాను. సిగ్గులేని మాట. మూడు రోజులు అన్నం సయించలేదు. మా ఆవిడ డాక్టరు దగ్గరికి పద అని పోరు పెట్టింది.

షూటింగు

కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున సీతమ్మగారింట్లో ఏర్పాటు చేశాం. అటు తాడేపల్లిగూడెం నుంచీ, ఇటు ముదినేపల్లి నుంచీ రావడానికి వీలని నాగవేణి అంది. అసలు కారణం వేరే ఉందని నాకు తర్వాత తెలిసింది. సీతమ్మగారింటికొచ్చిన మనిషి భోజనం చెయ్యకుండా వెళ్ళలేడు.

వెంకటరత్నంగారు ముందే మోటార్ సైకిల్ మీద వచ్చి, ఇస్త్రీ చొక్కాతో అరుగు మీద కూర్చున్నారు. తర్వాత సూర్యారావుగారొచ్చారు. రైతు వేషానికి రమ్మంటే పట్టుపంచె కట్టుకొచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాగవేణి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాగున్నారాండీ బావగారూ?" అన్నారు వెంకటరత్నంగారు.

"మీ దయ వల్లండి బావగారూ" అన్నారు సూర్యారావుగారు.

పదహారేళ్ళ తర్వాత మొదటి మాటలు. వింటే ఎంత చల్లగా ఉన్నాయో, అంత భయమేసింది నాకు. ఇద్దరూ ఒకేసారి పనుందని లేచారు. సీతమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "వంట పొయ్యి మీదుందండి. విస్తరి ముందు కూర్చోకుండా ఎలా వెళతారండీ?" అన్నారు. ఆకలి ఫోటో చెడగొట్టిన ఆవిడే ఈ పూట మా పాలిట దేవత.

మొదటి ఐదు ఫోటోలూ పెళ్ళింటి హడావిడి. అవి వాళ్ళిద్దరూ లేకుండానే, అద్దె చీరల్లో తోటి విద్యార్థులతో అయిపోయాయి. ఆరోది గ్రూపు ఫోటో. స్తంభాల మధ్య ముందు వరసలో ఒక కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచింది నాగవేణి.

"నాన్నా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. మావయ్యా, మీరు వెనక వరసలోకి వెళతారాండీ" అంది నాగవేణి. ఆ రోజు నేనన్న మాటే, ఇంచుమించు.

"దానిదేముందమ్మా. వెనక నిలబడ్డం నాకు అలవాటే" అన్నారు సూర్యారావుగారు.

వెంకటరత్నంగారి మొహం కందగడ్డలా అయింది. "బావగారు నిలబడితే నేను కూర్చోలేనమ్మా" అని ఆయన కూడా లేచి నిలబడ్డారు.

"పర్లేదండి, కూర్చోండి."

"మీరు కూర్చోండి బావగారూ."

"మీ ఇంటి ఫోటో కదండీ, మీరే కూర్చోవాలండి."

"మా ఇంటల్లుడు మీరండి!"

"ఆ మాట అప్పుడు గుర్తులేదు కదండీ!"

ఇదంతా చేతులు కట్టుకుని, గొంతు లేవకుండా, అరగంట. ఎండ స్తంభం దాటి అరుగు చివరికి పోతోంది. పిల్లలు నిలబడలేక ఒకరి మీద ఒకరు వాలుతున్నారు. నాగవేణి కెమెరా వెనకే ఉంది కానీ, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది. డిప్లొమా కోసం కాదు, అన్న పెళ్ళి కోసం. అది చూశాక ఇంక నా వల్ల కాలేదు.

"ఏవండీ" అన్నాను. "ఆ రోజు మిమ్మల్ని వెనక్కి పంపింది వెంకటరత్నంగారు కాదండి. నేనండి. మీరు పొడుగని పంపానండి. మీరు ఆ ఇంటికి ఏమవుతారో నేను కనుక్కోలేదండి."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"మీరేనాండీ?" అన్నారు సూర్యారావుగారు.

"మరి గుమాస్తాని కూర్చోబెట్టింది?" అన్నారు వెంకటరత్నంగారు.

"అదీ నేనేనండి. ఆయన మీసం బాగుందని."

"మీసం!" అన్నారు సూర్యారావుగారు. "బావగారూ, విన్నారాండీ? మీసమటండి!"

"పదహారేళ్ళండి బావగారూ! నా చెల్లెలి చేతి వంట తిని పదహారేళ్ళయిందండి!"

"మా ఆవిడ పండగపూట కంట తడి పెట్టుకోని ఏడు లేదండి!"

ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. తిట్టడమంటే మా వైపు తిట్టడమే, ప్రతి మాట చివరా అండి ఉంది. చదువుకున్నవారండి, మీలాంటివారు ఇలా చెయ్యచ్చాండీ అన్నారు. బూతులు తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు. కానీ ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. కాసేపటికి అది నాకు బాగానే అనిపించింది.

అప్పుడు పిల్లల్లో ఒకరు వీధిలోంచి వచ్చి, బయట కారులో ఒకావిడ కూర్చునున్నారు, దిగమంటే దిగట్లేదు అని చెప్పారు. మాణిక్యంగారు, నాగవేణి అత్తయ్య. భర్తతోపాటే వచ్చారట. గేటు దగ్గర అన్నయ్య మోటార్ సైకిల్ చూసి, కదలకుండా కూర్చుండిపోయారట.

వెంకటరత్నంగారు ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ ఎత్తి, రెండు చేతులతో పట్టుకుని, అరుగు దిగి వీధిలోకి నడిచారు. ఆయనకి కుర్చీ మొయ్యడం రాదు, దాని కోళ్ళు మోకాళ్ళకి తగులుతున్నాయి. కారు తలుపు పక్కన దాన్ని వేసి, కండువాతో తుడిచి, "దిగమ్మా మాణిక్యం. కూర్చో" అన్నారు.

ఆయన కుర్చీ మోసుకెళుతుండగానే నాగవేణి ఫోటో తీసింది. తీసి, కెమెరా నా చేతిలో పడేసి, సీతమ్మగారి కుంకుమభరిణ పట్టుకుని పరిగెత్తింది. బొట్టు పెట్టి, "అత్తయ్యా, అన్నయ్య పెళ్ళికి రావాలి" అంది. ఆవిడ ఆ వీధిలోనే కుర్చీలో కూర్చుని అన్నయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. సీతమ్మగారు అందరికీ విస్తళ్ళు వేశారు.

పరీక్ష

ఫైనల్‌కి బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆరో ఫోటో దగ్గర ఆగిపోయారు. కుర్చీ మోసుకెళుతున్న మనిషి, కారు అద్దంలో సగం కనబడుతున్న ఆడమనిషి మొహం.

"ఇది అనుకోకుండా దొరికినట్టుందండి. రూలు ప్రకారం ఏర్పాటు చేసి తియ్యాలి కదండీ" అన్నారు.

నాగవేణి నా వైపు చూసింది.

"ఏర్పాటు చేసిందేనండి" అన్నాను. "నేను దగ్గరుండి చేశాను. పదహారేళ్ళు పట్టింది."

ఆయనకి అర్థం కాలేదు కానీ మార్కులు వేశారు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి ఇందులో సందేశం ఏమిటండీ అని అడిగారు. కుర్చీ అన్నాను.

మాఘంలో

పెళ్ళికి నన్ను పిలిచారు. ఫోటోలు తియ్యడానికి కాదు, ఆ విషయం సూర్యారావుగారు ఫోన్లో రెండుసార్లు చెప్పారు. మాణిక్యంగారు పెళ్ళికొడుకు వెనకే తిరుగుతూ ఆడపడుచు పనులన్నీ ఒంటిచేత్తో చేస్తున్నారు. ఫోటోగ్రాఫరు నా పాత విద్యార్థి. అతను లైట్లు పక్కన పడేసి ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆ పచ్చ చీర ఆవిడ ఏమవుతారండీ అని అడుగుతుంటే విన్నాను. కృష్ణమూర్తిగారు ఇప్పుడు లేరు. ఉంటే నా మొహం చూసి నవ్వేవారు.

గ్రూపు ఫోటోకి నన్నూ రమ్మన్నారు. సూర్యారావుగారు ముందు వరసలో, సరిగ్గా మధ్యన, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నా విద్యార్థి మొహమాటపడుతూ, "మాస్టారండీ, మీరు ఈ ఇంటికి..." అని ఆగాడు. ఏమవుతానో నాకూ తెలియలేదు. సూర్యారావుగారే చెయ్యి ఊపి నన్ను వెనక వరసలోకి పంపారు. నేను పొడుగు కూడా కాదు. ముందున్నవాళ్ళ భుజాల మధ్యనుంచి మొహం కనబడాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి.

ఆయన కుర్చీలోంచి మెల్లిగా వెనక్కి తిరిగి, "మాస్టారండీ, మీకక్కడ ఇబ్బందేం లేదు కదండీ?" అన్నారు.

"దానిదేముందండి" అన్నాను.